నైట్ డ్యూటీ సిస్టర్ గారికి, ఇంకా చాలామందికి కృతజ్ఞతలు

నాన్నని నిన్న రాత్రి కాకినాడ నుంచి ఇంటికి తెచ్చేశాం. గుండె పంపింగ్ తగ్గి కాళ్ళకీ ఊపిరితిత్తులకీ నీరు పట్టింది కదా, ఇప్పుడు నయం, పడుకుంటే ఆయాసం రావట్లేదు. ఫోన్ చేసిన అందరికీ మళ్ళీ మళ్ళీ చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నాను.

అమ్మ, అన్నయ్య, బావ ఎలాగూ ఉన్నారు, వాళ్ళకి థాంక్స్ చెబితే తిడతారు. నేను రాయాలనుకున్నది వార్డులో నైట్ డ్యూటీ చేసిన ఒక సిస్టర్ గారి గురించి. పేరు రాయొద్దన్నారు.

నాన్న ఎదురుగానే ఉన్నా అందరూ మమ్మల్నే అడిగేవారు, "పేషెంట్ తిన్నాడా, యూరిన్ అయ్యిందా" అని. ఆవిడ మాత్రం స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుని, "బాబాయ్ గారూ, మీకేమైందో మీకెవరైనా చెప్పారా?" అన్నారు. నాన్న ఓసారి మా వంక చూసి "లేదండి" అన్నారు. నాకు అక్కడ నిలబడడం చేతకాలేదు, వరండాలోకి వెళ్ళి ఏడ్చేశాను.

ఆ రాత్రి మాత్రలన్నీ కాగితం మీద పరిచి ఏది ఎందుకో చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. "ఇప్పుడు మీ మాటల్లో నాకు చెప్పండి, నేను సరిగ్గా చెప్పానో లేదో తెలుస్తుంది" అన్నారు. "ఆయ్, ఈ చిన్నదేసుకుంటే ఒంట్లో నీరు దిగిపోద్దండి" అని మొదలెట్టారు నాన్న. అంబాజీపేట కొబ్బరికొట్లో ఇన్నేళ్ళు గుమాస్తాగా చేసిన మనిషి కదా, ఆవిడ "పద్దు రాసినట్టే రాయండి" అనేసరికి పొడుగు నోటుబుక్కు తెమ్మన్నారు. పొద్దున్నే యూరిన్‌కి వెళ్ళొచ్చాక, టిఫిన్‌కి ముందు, రోజూ ఒకే కాటా మీద బరువు. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చెయ్యాలి. ఆవకాయ, ఉప్పుచేప బంద్.

తర్వాత రౌండ్స్‌లో డాక్టరు గారిని నాన్నే అడిగారు, బొండాం నీళ్ళు తాగొచ్చా అని. మేమైతే మంచిదే కదా అని పట్టేసేవాళ్ళం. ఆయన వాడే ఒక మాత్రకి ఒంట్లో పొటాషియం పెరుగుతుందట, బొండాంలోనూ అదే ఎక్కువట, వద్దన్నారు. ఓపిగ్గా చెప్పినందుకు డాక్టరు గారికీ థాంక్స్.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. అంత నేర్చుకున్న మనిషి చేతిలో పెట్టిన డిశ్చార్జ్ సమ్మరీలో ఒక్క తెలుగు ముక్క లేదు. అన్నీ పొడి అక్షరాలే, మందుల షాపు కుర్రాడు కూడా తల గోక్కున్నాడు. కేస్ షీట్ కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల 2002 నిబంధనల్లోనే ఉంది, మాకేమో "అవన్నీ ఇవ్వమండీ" అన్నారు కౌంటర్లో. బిల్లు పేరు చెప్పి రాత్రి దాకా కూర్చోబెట్టారు, అది వేరే కథ.

అయ్యో, పక్క బెడ్ పిన్ని గారిని మర్చిపోయాను, ఫ్లాస్కు ఇచ్చారు, మాతోనే వచ్చేసింది, పంపిస్తాను. రాత్రిపూట వీల్‌చైర్ వెతికి తెచ్చిన వార్డ్‌బాయ్, రావులపాలెం దాకా ఎదురొచ్చిన మా వీధి ఆటో తమ్ముడు, లాబ్ అమ్మాయి... ఇంకెవరైనా మిగిలితే ఏమీ అనుకోకండి, నిద్ర లేదు. చూడ్డానికి వచ్చేవాళ్ళు దయచేసి బొండాలు తేవద్దు, నిన్ననే గెల దించేశారు మా వాళ్ళు, ఎవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్ళండి.