పరిష్కరించకుండానే మూసేసిన నా ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

నమస్కారం. గత నెల 9వ తేదీ సాయంత్రం మీ సంస్థ నుంచి నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైంది. ధన్యవాదాలు." అది చదివే సమయానికి ఆ సమస్య నా కళ్లెదుటే, మీ మానిటర్ మీదే ఉంది. నన్ను ఒక్క మాట అడగకుండా నా ఫిర్యాదును ఎలా మూసేశారు?

నేను కోర్టు పత్రాలను తెలుగులోకి అనువదిస్తాను. ఎడమ పక్క ఇంగ్లీషు మూలం, మధ్యలో నా తెలుగు, కుడి అంచున సన్నగా నిఘంటువు, మూడూ పక్కపక్కనే కనబడాలి. వాక్యానికి వాక్యం సరిచూసుకోవాలి. ఒక్క 'లేదు' జారిపోతే తీర్పే తలకిందులవుతుంది. అందుకే మీ 34 అంగుళాల మానిటర్ కొన్నాను. దానితో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఏ విండో ఎక్కడ, ఎంత వెడల్పున ఉండాలో గుర్తుపెట్టుకునేది. ఈ వేసవిలో వచ్చిన అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ తెరిచినప్పుడల్లా మూడూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటున్నాయి. లోపం ఏ వస్తువుకైనా వస్తుంది, దానికి నాకు కోపం లేదు.

ఏడుసార్లు ఫోను చేశాను. ఏడుసార్లూ మానిటర్ వెనక్కి వంగి సీరియల్ నంబరు చదివాను. మొదటి అతను కేబుల్ తీసి మళ్లీ పెట్టమన్నాడు. రెండో ఆమె విండోస్ మీట, ఎడమ బాణం కలిపి నొక్కమంది. అది విండోను తెరలో ఒక సగానికి జరిపే, 2009లో విండోస్ 7తో వచ్చిన సదుపాయమని, అప్పటినుంచీ వాడుతున్నానని, విండోస్ 11లో విండోస్ మీట, జడ్ మీట కలిపి నొక్కితే వచ్చే విండోల అమరికలు కూడా బాగానే పనిచేస్తున్నాయని, పనిచేయనిది మీ సాఫ్ట్‌వేరేనని చెప్పాను. "అయితే వాటినే వాడుకోండి మేడమ్" అంది. మరి మీ దగ్గర డబ్బు పెట్టి కొన్నది దేనికి? మూడో అతను ఇది తమ విభాగం కాదన్నాడు. నాలుగోసారి నలభై నిమిషాలు సంగీతం వినిపించి, ఫోను కట్ చేశారు. తిరిగి ఎవరూ చేయలేదు.

ఐదోసారి నా కంప్యూటర్‌ను అక్కడినుంచే చూస్తామంటే అనుమతి ఇచ్చాను. మీ ప్రతినిధి మూడు విండోలనూ అంచులు పట్టి లాగి, ఒక్కొక్కటే పక్కపక్కన పేర్చి, "సరిపోయింది చూడండి" అన్నాడు. ఆ పని రోజూ పొద్దున్నే నేనూ చేసుకుంటున్నాను! ఒక్కసారి ఆపి తెరుద్దాం, మీరూ చూడండి అని బతిమాలాను. సమయం అయిపోయిందన్నాడు. నేనే ఆపి తెరిచాను. మూడూ మళ్లీ కుప్పపడ్డాయి. మీ సందేశం వచ్చింది ఆ సాయంత్రమే.

ఆరోసారి, మూసిన ఫిర్యాదు తెరవడం కుదరదు, కొత్తది పెట్టమన్నారు. పెట్టాను. ఇదే సమస్య ఇదివరకే పరిష్కరించామని దాన్నీ తిరస్కరించారు. ఏడోసారి అడిగితే మళ్లీ సీరియల్ నంబరే అడిగారు.

2012లో ఇంటి దగ్గర పని మొదలుపెట్టినప్పుడు నేను కొన్న తొలి మానిటర్ మీదే. మా అమ్మాయి చదువుకు కొన్నదీ మీదే. తోటి అనువాదకులు ముగ్గురికి దగ్గరుండి నేనే కొనిపించాను. ఇన్నేళ్ల నమ్మకానికి మీ దగ్గర ఉన్న విలువ ఇదేనా?

పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఇస్తే చాలని మొదటి ఫోనులోనే అడిగాను. ఇప్పుడు దానితో సరిపోదు. నా ఫిర్యాదును ఎవరు, ఏ ఆధారంతో మూశారో చెప్పాలి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను. అక్కడితో ఆగను, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. ఫిర్యాదు పత్రం నేనే రాసుకోగలను, ఇరవై ఏళ్లుగా నా చేతిలో నలుగుతున్నవి ఆ కాగితాలే. ఏడు ఫోన్ల తేదీలు, సమయాలు రాసిపెట్టుకున్నాను.

జవాబు ఫోనులో వద్దు. బాధ్యత గల అధికారి సంతకంతో కాగితం మీద పంపండి.

ఇట్లు,
మీ పాత వినియోగదారు,
విజయవాడ