వెన్నులో సూది: ఆ బొమ్మ తప్పు, సవరణ వేయండి

సంపాదకులు గారికి,

కాన్పు ఆపరేషన్‌కు వెన్నులో వేసే మత్తు సూది మీద పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన కథనం గురించి రాస్తున్నాను. కోపం మీద రాయకూడదని ఇన్నాళ్లు ఆగాను. కోపం తగ్గలేదు.

మీరు వేసిన బొమ్మలో సూది వీపు మధ్యలోంచి నేరుగా వెన్నుపాములోకి దిగింది. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. ఏ పిల్లాడైనా పరీక్షలో ఇలా గీస్తే మార్కులు వేసేదాన్ని కాదు. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. కాన్పు ఆపరేషన్‌కు మత్తు సూది వేసేది దానికి దిగువన, చాలావరకు మూడో నాలుగో పూసల సందున. అక్కడ వెన్నుపాము ఉండదు, నీళ్లలో తేలే నరాల పోగులు ఉంటాయి.

'పలచటి పొర, చిల్లు పడితే ఇక పూడదు' అని కూడా రాశారు. వెన్నుపాము చుట్టూ ఉన్నవి మూడు పొరలు. వరాశిక, లౌతికళ, మృద్వి అని మన తెలుగు పాఠ్యపుస్తకాల్లోనే ఉన్నాయి. బయటి పొర వరాశిక మందం నడుము దగ్గర సాధారణంగా అర మిల్లీమీటరు లోపే. అయినా అది గాలిబుగ్గ రబ్బరు కాదు, సూది తగలగానే పగిలిపోవడానికి. కొలాజెన్ పోగులు పొర మీద పొరగా పేరుకుని ఉంటాయి, మధ్యలో సాగే ఎలాస్టిన్ ఉంటుంది. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లకు పోగుల బలం ఏమిటో చెప్పక్కర్లేదు. మనిషి వరాశికను ప్రయోగశాలల్లో లాగి చూస్తే, అడ్డంగా కంటే నిలువుగా ఎక్కువ బలం ఓర్చుకుంది. మనం వంగినప్పుడల్లా వెన్నుకాలువ కొన్ని సెంటీమీటర్లు పొడుగవుతుంది, పొరలు దానితో పాటు సాగి మళ్లీ యథాస్థానానికి వస్తాయి. నాట్ల రోజుల్లో మన ఆడవాళ్లు పొద్దుగూకేదాకా వంగి ఉండేది ఈ పొరలతోనే. లోపలి మృద్వి ఇంకా పలచన, కానీ కుందేళ్ల మీద చేసిన పరీక్షలో దాన్ని ఒలిచేస్తే వెన్నుపాము గట్టిదనం మూడో వంతుకు పడిపోయింది.

సూదితో చిల్లు పడటం నిజం. దాంట్లోంచి పొరల లోపలి ద్రవం కారితే తలనొప్పి వస్తుంది, కూర్చుంటే ఎక్కువ, పడుకుంటే తక్కువ. 1898లో వెన్నులో మత్తు మొదలుపెట్టిన జర్మనీ డాక్టర్ ఆగస్ట్ బియర్‌కే ఆ నొప్పి వచ్చింది. సన్నటి సూదులు, కోయకుండా పోగులను పక్కకు నెట్టే పెన్సిల్ మొన సూదులు వచ్చాక అది బాగా తగ్గింది. వచ్చినా ఎక్కువమందికి కొద్ది రోజుల్లో పోతుంది. పోకపోతే వాళ్ల రక్తమే కొంచెం తీసి ఆ పొర బయట ఎక్కించి చిల్లు మూస్తారు.

ఇదంతా మా కోడలికి ఎవరూ చెప్పలేదు. కాన్పయిన మూడో రోజు లేచి కూర్చోలేక ఏడుస్తుంటే, ఆ ప్రైవేటు ఆసుపత్రిలో 'ఏం కాదులే అమ్మా' అని వెళ్లిపోయారు. సంతకం పెట్టించుకున్న కాగితం మొత్తం ఇంగ్లీషు. మన రాష్ట్రంలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అందులో ఎక్కువమందికి వెన్ను మత్తే ఇస్తారు. ఇంతమందికి వేసే సూది గురించి తెలుగులో అర పేజీ కాగితం అచ్చువేయించి ఇవ్వడం జిల్లా వైద్యాధికారులకు చేతకాదా? ప్రారంభోత్సవాలకు ఫ్లెక్సీలు కట్టించడానికి డబ్బు దొరుకుతుంది కదా!

మీ సంగతి కూడా అడగాలి. ఒకప్పుడు మీ పత్రికలో సైన్సు రాసేవాళ్లు డాక్టరుకు చూపించిగానీ అచ్చుకు ఇచ్చేవాళ్లు కాదు. 1959 నుంచి ఈ ఊళ్లో కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది. ఒక్క ఫోన్ చేస్తే ఆ బొమ్మ తప్పని అనాటమీ విభాగంలో ఎవరైనా చెప్పేవారు. ఇప్పుడు ఎక్కడో వాట్సాప్‌లో తిరిగింది తెచ్చి, పక్కన నడుము నొప్పి తైలం ప్రకటన పెట్టి వేస్తున్నారు. చదివి భయపడేది మా ఇళ్లల్లోని గర్భిణులు.

సవరణ అదే పేజీలో, అంతే పెద్దగా, సరైన బొమ్మతో వేయండి. మా కోడలి చెల్లెలికి వచ్చే నెల నెలలు నిండుతాయి. మీ కథనం చదివినప్పటి నుంచి వెన్నులో సూది వద్దే వద్దని పట్టుబట్టింది. నేను చెబితే 'పేపర్లో వచ్చింది కదా పెద్దమ్మా' అంటోంది. ఆలోపు వేయండి.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
హనుమకొండ