బూడిద తోలే ముందు మా నీళ్లతో టెస్ట్ చేయించండి

రాష్ట్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. కోనసీమలో కాలేజీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకునేవాణ్ని. మా వైపు మెరక మట్టి దొరక్క లేఅవుట్లకీ రోడ్లకీ థర్మల్ కరెంటు ప్లాంట్ల బొగ్గు బూడిద తోలుతున్నారు. ఇది సేఫేనా అని అడిగితే టెస్ట్ పాసైంది అంటారు, కాగితం చూస్తే టీసీఎల్‌పీ అనే టెస్టు, వ్యర్థంలోంచి విషాలు ఎంత దిగుతాయో చూసేది.

ఆ టెస్టులో శాంపిల్‌కి 20 రెట్ల బరువున్న ఎసిటిక్ యాసిడ్ ద్రావణం పోసి 18 గంటలు తిప్పుతారు, వడకట్టి ఆ నీళ్లలో ఏం దిగాయో కొలుస్తారు. అమెరికా వాళ్లు 1990లో తెచ్చింది, ఊరి చెత్తతో కలిపి పూడ్చితే ఏం ఊరుతుందో చూడ్డానికి. మా బూడిద చెత్తకుప్పలో పడట్లేదండి, చెరువు గట్టు పక్కన పడుతోంది. సీసం లాంటివి యాసిడ్‌లో బాగా దిగుతాయి, ఆ టెస్టు వాటిని పట్టుకుంటుంది. కానీ ఆర్సెనిక్, సెలీనియం, హెక్సావేలెంట్ క్రోమియం (క్రోమియంలో విషపు రకం) క్షార గుణమున్న నీళ్లలో కూడా బాగా కదుల్తాయి, సున్నం ఎక్కువున్న బూడిదలో అసలు భయం అదే, యాసిడ్ పోసి చూస్తే అవి తక్కువ కనపడే ఛాన్సుంది.

లిమిట్ సంగతి ఇంకా ఘోరం. మన 2016 ప్రమాదకర వ్యర్థాల రూల్స్‌లో ఈ టెస్టు నీళ్లలో ఆర్సెనిక్‌కి లిమిట్ లీటరుకి 5 మిల్లీగ్రాములు, తాగునీటికేమో 0.01, అంటే 500 రెట్లు తేడా! పైగా అవే రూల్స్ బూడిదని ప్రమాదకర వ్యర్థం కిందే లెక్కెయ్యవు. ఊరిన విషం భూమిలో బాగా పల్చబడిపోతుందన్న లెక్క మీద పెట్టిన లిమిట్ అది, ధవళేశ్వరం కింద వానాకాలంలో కొన్ని అడుగులు తవ్వితే చాలు నీళ్లు తగులుతాయి, ఎక్కడ పల్చబడుతుందండి? బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో జనం తాగేది కాలవతో నింపిన చెరువు నీళ్లే, ఎండాకాలం కాలవలు కట్టేస్తే మళ్లీ వదిలేదాకా ఆ నిలవ నీళ్లే.

ఇంతకన్నా మంచి టెస్టులున్నాయి. లీఫ్ అనే టెస్టుల సెట్‌లో 1313 నంబరు పద్ధతి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) 2 నుంచి 13 దాకా మార్చి చూస్తుంది, 1314లో కాలమ్‌లో, అంటే నిలువు గొట్టంలో, బూడిద నింపి కింద నుంచి మెల్లగా నీళ్లు ఎక్కిస్తారు, మొదట్లో ఎంత దిగిందో పోనుపోను ఎంత దిగిందో విడివిడిగా తెలుస్తుంది. మా నేలలో జరిగేది కూడా దాదాపు ఇదే కదా.

బూడిద ఏ ప్లాంట్ నుంచొచ్చినా ఈ రెండూ చేయించాకే తోలనివ్వండి. కాలమ్ టెస్టు మా కాలవ నీళ్లతో ఒకసారి, ఉప్పు నీళ్లతో ఒకసారి విడిగా పెట్టించండి. రిపోర్టు పంచాయతీ ఆఫీసు గోడకి తెలుగులో అంటించాలి. ఇప్పటికే తోలేసిన చోట్ల పక్క చెరువుల నీళ్లు ఈ వానల ముందొకసారి, తర్వాతొకసారి పరీక్ష చేయించమని మీ కాలుష్య నియంత్రణ బోర్డుకి చెప్పండి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక మాస్టారు