సముద్రం పక్క బిట్టు ఎవరికి?

తిరుపతి

రేయ్ గిరీ,

నీ జాబు అందింది. తూపిలిపాలెం దగ్గర మీరు కలిసి కొన్న నేలకు లేఔట్ గీసియ్యమన్నావు, సముద్రం వైపంతా వరసగా ప్లాట్లు కొట్టెయ్యమన్నావు. గీస్తాలే. రేణిగుంట రోడ్డు పొడుగునా అంకణాల లెక్కన నేల కోసినోణ్ని, నాకదేం కష్టం? అయితే పెన్సిల్ పట్టేముందు ఒక గోల్ఫ్ కోర్సు కథ చెప్తా. నవ్వొద్దు. ఆటతో నాకు పని లేదు గానీ, పెబుల్ బీచ్ మ్యాపు చూసినప్పట్నుంచి కన్ను దాని మీదే ఉండాది.

కాలిఫోర్నియాలో మాంటెరే దగ్గరుంది అది. రైల్వే షావుకార్లు 1880లో అక్కడ హోటల్ డెల్ మాంటే కట్టినారు. రైలెక్కే జనం కావాల కదా, అందుకు. చుట్టూ నేల కూడా వాళ్లదే. 1915లో ఆ ఆస్తులు అమ్మిపెట్టమని శామ్యూల్ మోర్స్ అనే కుర్రోణ్ని పెట్టుకున్నారు. అమ్మను వచ్చినోడు ఏం చేసినాడో తెలుసా? తీరం వెంబడి అప్పటికే అమ్ముడైన ప్లాట్లను వెనక్కి కొనడం మొదలుపెట్టినాడు! సముద్రం పక్క నేల ఆటకు, ఇళ్లు వెనక్కి అన్నాడు. చివరికి 1919లో ఒక బ్యాంకరును తోడు చేసుకుని ఆస్తంతా తానే కొన్నాడు. కోర్సు తెరిచిందీ ఆ ఏడే.

గీసింది జాక్ నెవిల్, డగ్లస్ గ్రాంట్. మంచి ఆటగాళ్లే గానీ, అంతకు ముందు ఒక్క కోర్సూ గీసినోళ్లు కాదు. నెవిల్ అయితే ఆ కంపెనీలోనే ప్లాట్లు అమ్మే మనిషి. మన జాతే రా!

ఇంక గీత సంగతి. 8 అంకె ఆకారంలో తిప్పినారు. హోల్ అంటే బంతి మొదట కొట్టే చోట్నుంచి గుంట దాకా ఒక బాట, అట్లాంటివి మొత్తం 18. మొదటి మూడు హోల్స్ లోపలి వైపు, నాలుగో దాంట్లో సముద్రం తగుల్తుంది. పదో దాని దాకా నీళ్లు కుడిచేతి పక్కన. తర్వాత మళ్లీ లోపలికి పోయి, 17, 18 దగ్గర బయటపడితే ఈసారి ఎడమ పక్కన. ఒకే తీరాన్ని రెండు దిక్కుల్నుంచి వాడుకున్నారు, గాలి కూడా రెండు రకాలుగా కొడతాది. ఏడోది చూడు: పొడుగు నూటపది గజాలు కూడా లేదు, సముద్రంలోకి తోసుకొచ్చిన రాతికొన మీదికి పైనుంచి కిందికి కొట్టాల. గ్రీన్, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి, దాదాపు 2,000 చదరపు అడుగులు, మన లెక్కలో 55 అంకణాలు. గాలి లేనిపూట చిన్న దెబ్బ చాలు. ఎదురుగాలి లేస్తే అంత దూరానికే పొడుగు కర్ర తియ్యాల్సొస్తాది. 18వది మొదట మామూలు హోలే, హెర్బర్ట్ ఫౌలర్ అనే ఇంగ్లీషాయన తర్వాత దాన్ని సాగదీసి పార్ ఫైవ్, అంటే అయిదు దెబ్బల లెక్క హోల్, చేసినాడు. ఇప్పుడు జనం ఫొటోలు తీసేది అక్కడే.

నాకు బాగా నచ్చింది అయిదోది. 1915లో తీరం మీద ఒక బిట్టు అమ్ముడైపోయి చేతికి రాలేదు. దానికోసం అయిదో హోల్‌ను మిట్ట మీదికి, లోపలికి తిప్పుకోవాల్సొచ్చింది. 1995లో గానీ ఆ నేల దొరకలేదు. పేరుమోసిన ఆటగాడు జాక్ నిక్లాస్ కొత్త అయిదో హోల్ గీస్తే 1998లో తెరిచినారు. ఎనభై ఏళ్లు ఒక్క రిజిస్ట్రేషన్ కోసం! ఆ లోపల 1972 నుంచి యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ మాటిమాటికీ అక్కడికి వచ్చింది, 1972లో గెలిచిందీ ఈ నిక్లాసే. డబ్బులు రాలేదంటావా? ఈ రోజు ఒక్క ఆటకు 600 డాలర్లు దాటి తీసుకుంటారు.

నిన్ను గోల్ఫ్ కోర్సు పెట్టమని కాదురా సామీ, దానికి నీళ్లెక్కడ తెస్తాం! సముద్రం వైపు బిట్టు మాత్రం ఎవరికీ రాసియ్యొద్దంటున్నా. ఎట్లా తీరం రూల్సుండాయి, నీళ్లంచున కట్టనియ్యరు. అందరూ నడిచేదానికి వదిలి, వెనక వరస ప్లాట్లకు రేటు పెంచుకో. నీ పార్ట్‌నర్లు అరుస్తారు, అరవనీ.

ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే కొలతల పటం), అడంగల్ కాపీ పంపు. అవి చూసేదాకా ఎవరి దగ్గరా అడ్వాన్స్ తీసుకోవద్దు. చెల్లెమ్మను అడిగినానని చెప్పు.

నీ
మునిరత్నం