శనివారం మధ్యాహ్నం మన పిల్లలు వెళ్తున్న చోటు

పాఠశాల వార్తాలేఖ, నవంబరు
శ్రీకాకుళం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దసరా సెలవుల తర్వాత బడికి వచ్చి నన్ను కలిసినవాళ్లలో చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "మేడమ్, శనివారం మధ్యాహ్నం పిల్లల్ని కాలేజీ లైబ్రరీకి పంపుతున్నారట. టెన్త్ ఏడాది కదా, ఆ టైములో ఇంకో స్లిప్ టెస్టు పెట్టొచ్చు కదా?" ఎవరూ కోపంగా అడగలేదు, టెన్షన్‌తోనే అడిగారు. గుమ్మంలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి ఈ నెల ఉత్తరమంతా దానికే కేటాయిస్తున్నాను.

ముందు వివరాలు. మన బడికి పది నిమిషాల నడకలో ఉన్న డిగ్రీ కాలేజీ వాళ్లు ఈ ఏడాది మన తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని తమ లైబ్రరీకి రానిస్తున్నారు. శనివారం 2 గంటల నుంచి 4.30 వరకు. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఇద్దరు టీచర్లు వెంట ఉంటారు. తిరిగొచ్చాక హాజరు పిలిచి మన గేటు దగ్గరే పిల్లల్ని వదులుతాం. పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకు 5 గంటల బస్సు అందేలా చూస్తున్నాం. ఒక్క వారం అందలేదు, ఆ రోజు నేనే బస్టాండులో వాళ్లతో కూర్చున్నాను.

ఇక అసలు సంగతి. మన బడిలో లైబ్రరీ లేదా అని మీరు అడగొచ్చు. ఉంది. స్టాఫ్ రూములో రెండు ఇనప బీరువాలు. తాళాలు నా సొరుగులో. నేను ఈ బడికి వచ్చిన కొత్తలో స్టాకు రిజిస్టరు చూసి లెక్కపెడితే కొన్ని పుస్తకాలు తగ్గాయి. రేపు ఆడిట్ వాళ్లు వస్తే ఎవరు కట్టాలి? అప్పటినుంచి ఆ బీరువాలు ఎక్కువగా ఆగస్టు 15కీ, తనిఖీలకీ మాత్రమే తెరుచుకున్నాయి. పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. చదివినవాళ్లు మాత్రం లేరు. ఆ తప్పు నాదే.

నేను చదువుకున్న కాలేజీలోనూ ఇదే తంతు. కౌంటరుకు ఇనప జాలీ, దాని వెనక అటెండరు. మనకు కావలసిన పుస్తకం పేరు చీటీ మీద రాసి జాలీ సందులోంచి ఇవ్వాలి. ఆయన లోపలికి వెళ్లినట్టే వెళ్లి వచ్చి "లేదమ్మా" అనేవాడు. పేరే తెలియని పుస్తకాన్ని చీటీ మీద ఎలా రాస్తాం? మూడేళ్లలో ఆ అలమరల ముందు నేను ఒక్కసారి కూడా నిలబడలేదు. అదే మనిషిని, ఇక్కడికొచ్చి అదే పని చేశాను చూడండి.

ఈ కాలేజీలో జాలీ లేదు. పిల్లలు నేరుగా అలమరల మధ్యకు వెళ్లి, చేత్తో తీసి, తిరగేసి చూసుకోవచ్చు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి అని. దాచుకోవడానికి అని ఆయన అనలేదు. మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయాధికారి కాకముందు ఆయన లెక్కల మాస్టారు. ఈ ముక్క స్టాఫ్ రూములో చెప్పినప్పటినుంచి మన లెక్కల సారు కాస్త ఎక్కువ హుషారుగా ఉన్నారు.

అలమరల మధ్య తిరిగితే ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. అక్కడ పుస్తకాలన్నీ డ్యూయీ పద్ధతిలో, అంటే విషయాన్ని బట్టి వేసిన అంకెల వరసలో ఉంటాయి. 500 దగ్గర సైన్సు మొదలవుతుంది, 530 భౌతికశాస్త్రం, 590 జంతువులు, అందులో 597 చేపలు. సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చే మన పదో తరగతి పిల్లాడొకడు ఫిజిక్స్ పుస్తకం కోసం వెళ్లాడు. నాలుగు అడుగులు అటు వేసేసరికి చేపల పుస్తకం దొరికింది, ఇంక ఫిజిక్స్ ఎక్కడిది! బొమ్మలన్నీ చూసి నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఇందులో తప్పు రాశారు, ఇది వంజరం కాదు, కోనెం" అన్నాడు. రెండూ ఒకటేరా, పుస్తకం వాళ్లు ఒక పేరు రాశారు, మీ ఇంట్లో ఇంకో పేరు అంటారు అన్నాను. "మరి మా పేరు ఎందుకు రాయలేదు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తరగతిలో నోరు విప్పని పిల్లాడు వాడు.

ఈ నెల కార్యక్రమాల్లో ఒకటి ఆ ప్రశ్నలోంచే పుట్టింది. నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గులు మామూలే, అవి ఈసారీ ఉంటాయి. వాటితో పాటు కాలేజీ లైబ్రరీలో ఒక చెక్కపెట్టె పెడుతున్నాం. ప్రతి విద్యార్థీ తన ఇంట్లో వాడే, పాఠ్యపుస్తకంలో కనబడని మాటలు ఐదు చీటీల మీద రాసి అందులో వెయ్యాలి. అర్థం, ఎవరి నోట విన్నది, ఏ సందర్భంలో అన్నారు, ఇవీ రాయాలి. రాగుల్ని చోళ్లు అంటాం, సజ్జల్ని గంటెలు అంటాం, వదిలెయ్యి అనడానికి ఒగ్గెయ్ అంటాం. పిల్లలు ఆ మాటల్ని లైబ్రరీలోని శబ్దరత్నాకరం అనే తెలుగు నిఘంటువులో వెతుకుతారు. దొరికితే ఒక పక్క, దొరక్కపోతే ఇంకో పక్క గోడకు అంటిస్తాం. దొరకని గోడ నిండాలని నా కోరిక.

దీనికి మీ సాయం కావాలి, ముఖ్యంగా ఇంట్లో ఉన్న అమ్మమ్మలది, నాన్నమ్మలది. "మా యాస బాగోదు మేడమ్, మీరే మాన్పించండి" అని నాతో అన్న తల్లులున్నారు. దయచేసి అలా అనకండి. వాడుక భాషలో పాఠాలు ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న పుట్టింది ఎక్కడో కాదు, వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు తయారుచేశారు. ఆయన పుట్టినరోజే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అలాంటి మనిషి పుట్టిన జిల్లాలో మన మాటకు మనమే సిగ్గుపడితే ఎలా?

వారోత్సవాల తర్వాత వచ్చే ఆదివారం పొద్దున పిల్లల్ని మన ఊళ్లోని కథానిలయానికి తీసుకెళ్తున్నాం. ఊళ్లోనే ఉంటూ అది చూడనివాళ్లు ఎంతమందో! తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒక్కచోట ఉండాలని కాళీపట్నం రామారావు గారు, మనందరి కారా మాస్టారు, 1997 ఫిబ్రవరి 22న దాన్ని మొదలుపెట్టారు. తనకు అవార్డులుగా వచ్చిన డబ్బు దానికే పెట్టారు. పాత వార పత్రికలు, మాస పత్రికలు, కథల సంపుటాలు ఎక్కడెక్కడినుంచో తెచ్చి పెట్టారు. 2021 జూన్‌లో ఆయన పోయారు, నిలయం ఉంది. పిల్లల వెంట తల్లిదండ్రులూ రావచ్చు, టికెట్టేమీ లేదు.

కాలేజీ లైబ్రరీలో ఇంకా ఏమున్నాయంటే, పాత ప్రశ్నపత్రాలు బైండు చేసి ఉన్నాయి. పరీక్షల గురించి దిగులుపడుతున్నవాళ్ల కోసం ఇది ముందుగా చెబుతున్నాను. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పుస్తకాలు, రోజువారీ పేపర్లు ఉన్నాయి. నాలుగు కంప్యూటర్లలో నేషనల్ డిజిటల్ లైబ్రరీ చూసుకోవచ్చు. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే ఈ సేవకు డబ్బు కట్టక్కర్లేదు, తరగతి వారీగా పాఠాలు దొరుకుతాయి. ఇంట్లో ఫోనులో కూడా వస్తుంది. అయితే పాఠాల పేరు చెప్పి ఫోను తీసుకున్న పిల్లాడు పదో నిమిషానికి రీల్స్‌లో ఉంటాడని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అక్కడైతే స్క్రీన్లు అందరికీ కనబడేలా వరసగా పెట్టారు. ఒక కంప్యూటర్‌లో తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. చూపు తక్కువగా ఉన్న పిల్లలు మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ ఉంటే, మన బడి కాకపోయినా సరే, నాకు చెప్పండి. అలాంటి పిల్లలు చదువుకోవడానికి వీలైన పుస్తకాలు సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో ఉన్నాయి, పేరు నమోదు చేయించడానికి మేము సాయం చేస్తాం.

ఇంకొక మాట, లైబ్రరీ గురించే గానీ కాలేజీది కాదు. మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు. మన ఊరి ప్రభుత్వ గ్రంథాలయం ఆ డబ్బు మీదే నడవాలి. కట్టినప్పుడు వాడుకోకపోతే నష్టం ఎవరికి? కాలేజీకి వెళ్లడం కుదరని పిల్లల్ని అక్కడికైనా పంపండి.

ఇప్పుడు మీలో కొందరి మనసులో ఉన్న భయం దగ్గరికి వస్తాను. ఒక్కో విద్యార్థికి ఒకసారికి రెండు పుస్తకాలు, 14 రోజులకు ఇస్తారు. "పోతే మేము కట్టాలా?" అని ఒక తండ్రి అడిగారు. కూలి పని చేసుకునే మనిషి, ఆయన అడగడంలో తప్పులేదు. ఆ భయంతోనే ఆయన కూతురు రెండు వారాలు ఒట్టి చేతులతో తిరిగొచ్చిందని నాకు తర్వాత తెలిసింది. టీచర్లమంతా మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాం. పుస్తకం చిరిగినా, తడిసినా, పోయినా ఈ ఏడాదికి ఆ ఖర్చు టీచర్లం చందా వేసుకుని కడతాం. పిల్లల్ని దాని గురించి ఇంట్లో కొట్టొద్దు, తిట్టొద్దు. పోయిందని నిజం చెబితే చాలు. ఆలస్యానికి రోజుకు రూపాయి జరిమానా మాత్రం పిల్లలే కట్టాలి, అది వాళ్ల పాకెట్ మనీలోంచి పోతేనే గుర్తుంటుంది.

ఈ ఉత్తరం వెనక అనుమతి చీటీ ఉంది. సంతకం పెట్టి శుక్రవారం లోపు క్లాసు టీచరుకు పంపండి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వెయ్యొచ్చు, లేదా ఒకసారి వచ్చి నాతో నోటిమాటగా చెప్పినా చాలు. కథానిలయానికి మీరు కూడా వస్తుంటే చీటీ మీదే ఎంతమందో రాయండి, టిఫిన్ చెప్పాలి.

మన బడి బీరువాల తాళాలు సోమవారం నుంచి నా సొరుగులో లేవు. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరికి అప్పగించాను. రిజిస్టరు కూడా వాళ్లే రాస్తున్నారు. మొదటి రోజే ఒక పుస్తకానికి అట్ట ఊడింది, మైదా ఉడికించి అంటించారు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు