ఎవరూ చూడకుండానే మూసేసిన ఫిర్యాదు

నెల్లూరు,
సెప్టెంబరు 20.

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: స్విమ్మింగ్ పూల్‌కు వేయించిన మీ వాటర్‌ప్రూఫ్ కోటింగ్ ఊడిపోవడంపై ఆగస్టు 10న నేను చేసిన ఫిర్యాదు.

ఆర్యా,

పెన్నకు దగ్గరలో ఉన్న ఒక పాత కాంక్రీటు పూల్‌లో పిల్లలకు ఈత నేర్పి, ఆ ఆదాయంతోనే కుటుంబాన్ని పోషించుకుంటున్నాను. టైల్స్ వేయించే ఉద్దేశంతో వేసవి బ్యాచ్‌లు ముగిశాక నీళ్లు తోడించి, పాత రంగును గ్రైండింగ్ చేయించి, సుత్తితో తట్టినప్పుడు డొల్లగా మోగిన ప్రతిచోటా పాత ప్లాస్టరింగ్ ఊడగొట్టించి కొత్తది చేయించి, పగుళ్లు పూడ్పించి, కొత్త ప్లాస్టరింగ్‌ను వారం రోజులు తడిపించిన తరువాతే మీ కోటింగ్ వేయించాను. లోతువైపు గోడ మీద అది పొరలు పొరలుగా ఊడి చేతికి వచ్చింది. సరుకులో తేడా ఉండవచ్చు, మా మేస్త్రి పొరపాటే కావచ్చు; దానికి నాకు కోపం లేదు. కోటింగ్ మొత్తం చెక్కించాలా, గట్టిగా ఉన్నచోట అలాగే ఉంచి దాని మీద టైల్ గమ్ము పెట్టించవచ్చా అన్న ఒక్క ప్రశ్నకు నలభై ఒక్క రోజులుగా మీ సంస్థలో జవాబు చెప్పేవారు లేకపోవడమే నన్ను బాధిస్తున్నది.

మొదటిసారి ఫోను ఎత్తిన వ్యక్తి రెండు రోజుల్లో సాంకేతిక అధికారి వస్తారని చెప్పి ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. మూడో రోజున అధికారికి బదులు, నా సమస్య పరిష్కారమైందని సందేశం వచ్చింది. మళ్లీ చేస్తే, ఇంకొకరు బాత్‌రూమా, మేడపైకప్పా అని అడిగారు. స్విమ్మింగ్ పూల్ అన్నాను. తమ జాబితాలో ఆ పేరు లేదని బాత్‌రూము కిందే నమోదు చేసి, నేల ఆరబెట్టుకోమని సలహా పంపి, దాన్నీ మూసివేశారు. విజయవాడ కార్యాలయం వారు నెల్లూరు తిరుపతి పరిధిలోకి వస్తుందన్నారు. తిరుపతిలో అడిగితే విజయవాడ వారే చూడాలన్నారు. ట్రంకు రోడ్డులో నాకు సరుకు అమ్మిన డీలరు, అమ్మకం వరకే తన బాధ్యతని చేతులు దులుపుకున్నారు. మీ సంస్థకు పదకొండు ఫోటోలు పంపితే స్పష్టంగా లేవన్నారు. ఎండలో మళ్లీ తీసి పంపితే ఇప్పటికీ ఎవరూ తెరిచి చూడలేదు. ఒక్క అమ్మాయి మాత్రం నేను చెప్పినదంతా ఓపికగా విని, తాను రాసినది పైవారు చదవడం లేదని నిజం చెప్పింది. దయచేసి ఆ అమ్మాయిని ఏమీ అనకండి.

పన్నెండేళ్లుగా మా ఇంటి మేడకూ, మా అన్నయ్య గారింటి నీళ్ల తొట్టికీ మీ సరుకే వాడాము. అడిగినవారందరికీ మీ పేరే చెప్పాను. అంతటి నమ్మకానికి ఒక మనిషిని పంపే మర్యాద కూడా దక్కలేదు.

ఇది తీరికగా చూసుకునే పని కాదు. మా జిల్లాలో అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. భూగర్భ జలం పైకి వచ్చినప్పుడు పూల్ ఖాళీగా ఉంటే కిందనుంచి నీటి ఒత్తిడికి అడుగు పగలవచ్చు, మొత్తం తొట్టే పైకి లేవవచ్చు. నీళ్లు నింపుదామంటే కోటింగ్ సంగతి తేలలేదు, టైల్స్ పడలేదు. పైగా టైల్స్ వేశాక గమ్ము, టైల్స్ సందుల్లో నింపే పాయింటింగ్ గట్టిపడేదాకా నీళ్లు నింపకూడదు కదా. మీరు మూసివేసిన ప్రతి ఫిర్యాదుతో ఆ వ్యవధి తరిగిపోయింది. ఈత మానేసి వేరేచోట చేరిన పిల్లల ఫీజులు ఎంత పోయాయో ఇక్కడ లెక్క రాయడం లేదు.

అక్టోబరు 5లోగా మీ అధికారి స్వయంగా వచ్చి, గోడ తట్టి చూసి, ఏం చేయాలో సంతకంతో రాసివ్వాలి. తప్పు సరుకుదని తేలితే కొత్త సరుకుతో పాటు చెక్కించే కూలీ కూడా మీరే భరించాలి. ఆ తేదీ దాటితే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కు వెళతాను. నేను నివసించే చోటే ఫిర్యాదు వేసుకునే వీలు 2019 నాటి చట్టం ఇచ్చింది కనుక, అప్పుడు విజయవాడా తిరుపతా అన్న ప్రశ్న ఉండదు. సమస్య పరిష్కారమైందన్న మీ రెండు సందేశాలనూ బిల్లులతో పాటు జతచేస్తున్నాను.

ఇట్లు,
ఈత శిక్షకుడు,
నెల్లూరు.