అప్పడంలా లేచిన షీట్ల సంగతి

ఏప్రిల్ 20 నుంచి మే 9 దాకా మా దగ్గర ఫాయిల్ షీట్లు (షెడ్డు రేకుల వేడి కిందికి దిగకుండా బిగించే, ఫాయిల్ అతికిన ఫోమ్ షీట్లు) తీసుకున్న కోళ్ల ఫారాల వారికీ, ఫోమ్ స్లాబులు తీసుకున్న ఫర్నిచర్ షాపుల వారికీ ఇది రాస్తున్నాను. మిగతా పార్టీలు కూడా చదవండి. రావులపాలెంలో టీ కొట్ల దగ్గర ఈ సంగతి ఇప్పటికే నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. అసలు జరిగింది ఇది.

ఆ ఇరవై రోజుల్లో వెళ్లిన సరుకు పాడైంది. అన్నీ కాదు గానీ, ఎక్కువే. మండపేట వైపు ఒక షెడ్డులో బిగించిన ఫాయిల్ షీట్లు వారం తిరక్కుండా అంచులు పైకి లేపి అప్పడాల్లా వంకర తిరిగాయి. ఫాయిల్ మీద ముడతలు, బుడగలు. నేనే వెళ్లి టేపు పెట్టి కొలిచాను. రెండు మీటర్లకు కోసిచ్చిన షీటు మూడు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. షీటుకీ షీటుకీ మధ్య సందులోంచి రేకు వేడి సూటిగా కోళ్ల మీదికి దిగుతోంది. ఆ ఫారం ఓనరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. మజ్జిగ ఇచ్చి, "ఏంటండీ ఇది" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

కల్తీ చేశాననీ, తుక్కు గుళికల ఫోమ్ కొని కొత్తదని అమ్మాననీ, గమ్ము డబ్బులు మిగుల్చుకున్నాననీ అంటున్నారట. మేం గమ్మే వాడం. పద్నాలుగేళ్లలో గమ్ము చుక్క మా మిషను మీద పడలేదు. ఫోమ్ రోల్స్ విప్పి, రెండు పొరల ముఖాల మీదా వేడి గాలి కొడతాం. పైతోలు కరిగీ కరగనట్టు ఉన్నప్పుడే రోలర్ల మధ్య నొక్కుతాం. అంతే, రెండూ ఒకటైపోతాయి. 5 ఎంఎం పొరలు పది వేస్తే 50 ఎంఎం స్లాబు. పాడైన స్లాబుల్లో ఒకదాన్ని మొన్న నలుగురి ముందు చేత్తో చీల్చి చూపించాను. ఫోమ్ మధ్యలో చిరిగింది తప్ప అతుకు దగ్గర ఊడలేదు. అనుమానం ఉన్నవాళ్లు రండి, ముక్క ఇస్తాను, మీరే లాగి చూడండి. (ఇంకో మాట. ఇది థర్మాకోల్ కాదండీ. థర్మాకోల్ పాలిస్టైరీన్, ఇది పాలిథిన్. పద్నాలుగేళ్లుగా చెబుతున్నాను, ఇప్పటికీ ఫోన్ చేసి "థర్మాకోల్ షీట్లున్నాయా" అంటారు.)

మరి ఎందుకు పాడైంది? రోలు పచ్చిది. పచ్చి రోలంటే ఏమిటో చెప్పాలి.

ఈ ఫోమ్ రోల్స్ మేం తయారు చేయం, కొంటాం. తయారు చేసేవాళ్లు పాలిథిన్ గుళికలను కరిగించి, మిషను లోపలే ఒత్తిడితో బ్యూటేన్ గ్యాస్ ఎక్కిస్తారు. ముద్ద బయటికి వచ్చి ఒత్తిడి తగ్గగానే లోపలి గ్యాస్ ఒక్కసారిగా పొంగి, సన్నసన్నటి గదులు కోకొల్లలుగా తయారవుతాయి. పని అక్కడితో అయిపోదు. ఆ గదుల్లో ఉన్నది ఇంకా గ్యాసే. అది మెల్లిగా బయటికి పోయి, దాని చోటులోకి గాలి రావాలి. చిక్కేమిటంటే గ్యాస్ పోయినంత వేగంగా గాలి లోపలికి రాదు. గదులు అణిగిపోతాయి, షీటు కుంచించుకుపోతుంది. గ్యాస్ పోకడ నెమ్మదించడానికి జీఎంఎస్ అని మైనం లాంటి పదార్థం కలుపుతారు. ఎంత కలిపినా, రోలు కొన్నాళ్లు గాలి తగిలే చోట పడి ఉండాల్సిందే. రావులపాలెం అరటి మార్కెట్ ఉన్న ఊరు, మగ్గబెట్టడమంటే ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు.

మగ్గని రోలు మీద ఫాయిల్ వేస్తే ఫోమ్ తగ్గుతుంది, ఫాయిల్ తగ్గదు. అందుకే ముడతలు. ఒక పచ్చి పొర, ఒక మగ్గిన పొర కలిపి అతికిస్తే పచ్చిది లాక్కుని షీటు వంగుతుంది. మీ షెడ్ల మీద జరిగింది అదే.

ఇప్పుడు సరుకు పంపినాయన సంగతి. పేరు రాయను. ఆయన దగ్గర నా అడ్వాన్స్ ఇంకా ఉంది, అదొక కారణం. ఆరేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాను. ప్రతి రోలు మధ్య గొట్టం మీద తయారైన తేదీ చీటీ ఉంటుంది. ఏప్రిల్ రెండో లోడు మీద చీటీలు చూస్తే రెండు వారాల పాత సరుకు. మండపేట నుంచి తిరిగొచ్చిన రాత్రి గోడౌన్‌లో లైటు వేసుకుని, మిగిలిన రోల్స్ ఒక్కొక్కటీ తిరగేశాను. ఒకదాని చీటీ మూల లేచి ఉంది. గోటితో గీకితే కింద ఇంకో చీటీ. దాని మీద తేదీ, లోడు మా గేటు దాటిన రోజుకి సరిగ్గా మూడు రోజుల ముందుది. ఇంకో రోలు గీకాను. అదీ అంతే. పదకొండు రోల్స్‌కి తొమ్మిది అలాగే ఉన్నాయి. ఫొటోలు తీసి పంపాను. మర్నాడు మధ్యాహ్నం దాకా ఫోన్ ఎత్తలేదు. ఎత్తి ఏమన్నాడో తెలుసా? "మీ మిషను వేడి ఎక్కువ పెట్టుంటారు సార్."

ఆరేళ్ల స్నేహం. వాళ్లమ్మాయి పెళ్లికి ఆత్రేయపురం పూతరేకులు పెట్టెలు పెట్టెలు పంపాను. సరుకు చెడిందంటే ఓర్చుకునేవాణ్ణి. సీజన్ ఒత్తిడి ఆయనకూ ఉంటుంది, "పచ్చిది పంపాను, పది రోజులాగి వాడండి" అంటే ఆగేవాణ్ణి. చీటీ మీద చీటీ అంటించడమే మింగుడు పడట్లేదు. ఆ చీటీ ఒకటి ఊడదీసి మా ఆఫీసు గోడకి అంటించుకున్నాను. మా ఆవిడ తీసేయమంటోంది. తీయను.

నా తప్పు కూడా రాస్తాను. చీటీ ఏం చెప్పినా, వచ్చిన రోలు మా గోడౌన్‌లో వారం ఉంచాకే మిషనెక్కించాలన్నది మేం మొదట్నుంచీ పెట్టుకున్న నియమం. ఏప్రిల్‌లో ఎండలు ముదిరి, షెడ్ల వాళ్లంతా ఒకేసారి ఫోన్లు చేస్తుంటే, చీటీ చూసి రెండో రోజే ఎక్కించేశాం. ఎక్కించమన్నది నేనే. మా కుర్రాళ్లనెవరూ అనకండి. సరుకు చెడడం ఒకటే కాదు, పచ్చి రోల్స్ నుంచి వచ్చే బ్యూటేన్ గాలి కన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. గాలిలో రెండు శాతం దాకా చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. మా మిషను వేడి గాలితో నడిచేది. తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఈ గొడవ తర్వాత నలుగురూ ఒకటే మాట: "ఒకడి మీద ఆధారపడ్డమెందుకు, ఫోమ్ తీసే మిషను నువ్వే పెట్టుకో". నిజానికి ఈ మాట నాలో నేను మూడేళ్లుగా అనుకుంటున్నదే. ఈసారి కొటేషన్ తెప్పించాను. బ్యాంకు వారూ సరేనన్నారు. కాలవ గట్టు పక్క మా కొబ్బరి తోటలో స్థలం కూడా ఉంది. పౌరుషం మీద ఉన్నానేమో, సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. పది రోజులు అదే ఆలోచన. భోజనం దగ్గర అదే, మంచం మీద అదే.

ఆ మిషనంటే తోటలో వరసగా బ్యూటేన్ సిలిండర్లు. లైసెన్సులున్నాయి, దూరాలున్నాయి, అన్నీ పద్ధతిగా చేసుకోవచ్చు, చేసుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ తోట ఆనుకుని మూడిళ్లున్నాయి. మా అమ్మమ్మగారి ఊరు మామిడికుదురు వైపు. 1995 జనవరిలో అక్కడి పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి అంటుకున్నప్పుడు నేను స్కూల్లో చదువుతున్నాను. రెండు నెలలకు పైగా ఆ మంట ఆరలేదు. రాత్రి డాబా ఎక్కితే ఆకాశం ఆ మూల ఎర్రగా ఉండేది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలిన తర్వాత అక్కడికి వెళ్లాను. కొబ్బరి చెట్లు నిలువునా మాడి, మొవ్వుల్లేకుండా నిలబడి ఉన్నాయి. అవి వేరు, ఇది వేరు అని నాకూ తెలుసు. అయినా ఆ తోటలో సిలిండర్లు ఊహించుకుంటే సంతకం పెట్టే చెయ్యి రాలేదు. మిషను పెట్టట్లేదు. భయపడ్డాడు అంటే అనండి, భయపడ్డాను.

కొత్తగా ఇద్దరి దగ్గర రోల్స్ తీసుకుంటున్నాం. ఎవరి చీటీ ఎలా ఉన్నా, మా గేటు దాటిన తేదీ పెయింటుతో మేమే రోలు మీద రాస్తాం. అక్కణ్ణుంచి పది రోజులు, గోడౌన్ రెండు వైపులా తలుపులు తీసి. గ్యాస్ డిటెక్టర్ కొన్నాను, రోజూ పొద్దున్నే నేల దగ్గర పెట్టి చూస్తున్నాం. ప్రతి రోలు నుంచి మీటరు ముక్క కోసి, గీతలు గీసి, మూడు రోజుల తర్వాత మళ్లీ కొలుస్తాం. తగ్గితే ఆ రోలు ఆగుతుంది. కాబట్టి ఇకమీదట ఆర్డరిచ్చిన రెండు వారాలకు గానీ సరుకు రాదు. "రేపటికి కావాలి" అనేవారు దయచేసి వేరే చోట చూసుకోండి, నేను ఏమీ అనుకోను. కొంచెం అనుకుంటాను. రేటు పెంచను.

పాడైన ప్రతి షీటుకూ కొత్త షీటు ఇస్తాం, డబ్బే కావాలంటే డబ్బు. బిల్లు పోయినా పర్లేదు, మా పుస్తకంలో ఉంది. పాత షీట్లు పారేయకండి, ఆటో ట్రాలీ మేమే పంపిస్తాం. పాలిథిన్ కాబట్టి కరిగించి వాడేవాళ్లకు ఇస్తాం.

షెడ్డుల వారికి ఒక్క మనవి. పైకెక్కి మీరు విప్పకండి, ఎండకి కాలిన రేకులు, పైగా పాతవి. మా కుర్రాళ్లు పొద్దున్న ఆరింటికల్లా వచ్చి ఎనిమిది లోపు దిగిపోతారు. కొత్తవి బిగించేటప్పుడు ఫాయిల్ వైపు గాలి సందు వదిలిస్తాను. కిందటిసారి కొందరు మేస్త్రీలు ఫాయిల్‌ని రేకుకే అతికించేశారు, అలా చేస్తే ఫాయిల్ వేసీ దండగే. మండపేట షెడ్డు ముందు, తర్వాత తణుకు వైపు రెండు, ఆ తర్వాత ఫోన్ చేసిన వరసలో.